మార్తమ్మక్కయ్య పిండి కలిపిన సాయంత్రం

క్రిస్మస్‌కు ముందురోజు తెల్లవారుజామున మా పక్కింటి మార్తమ్మక్కయ్య దివంగతురాలైంది. క్రితం సాయంత్రం నవ్వుతూ రొట్టెకు పిండి కలిపిన మనిషి! గుండె ఆగిందన్నారు. ఈ అక్షరాలు రాస్తున్నా నా మనస్సు ఆ వార్తను అంగీకరించడం లేదు.

నరసరావుపేట బాలికల పాఠశాలలో ఆమె నాకు పెద్ద ఉపాధ్యాయురాలు. భర్త లేడు, సంతానం లేదు. అయినా ఆ ఇల్లు ఏనాడూ నిర్మానుష్యంగా లేదు. అది ఆమె సౌజన్యమని నలుగురూ అంటారు. నేను మాత్రం ఆమె క్రిస్మస్ రొట్టె మహిమ అంటాను. మైదాలో బెల్లం పాకం, కిస్మిస్, శొంఠి, లవంగం, దాల్చినచెక్క చేర్చి, కల్లు పోసి పొంగించి, మూత పెట్టిన కుండలో కిందా పైనా నిప్పులతో కాల్చేది. ఆ పరిమళం వీధి మలుపు దాకా వచ్చేది. యుద్ధకాలంలో మైదా దొరక్కపోతే గోధుమలు విసిరి చేసింది గాని మానలేదు.

మడి కట్టుకునే మా అత్తగారి చెవిన కల్లు సంగతి ఎవరో వేశారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "నిప్పుల్లో కాలినాక కల్లేంది, నీళ్లేంది! ఇటు తేవే" అన్నది.

నకరికల్లులో ఉండే అక్కయ్య అన్నగారు దావీదు మాస్టారు మాత్రం కరగలేదు. మద్యపానం మానండని ఊరూరా ఉపన్యసించిన నిష్ఠాపరుడాయన. "కల్లు పడ్డ రొట్టె నా గడప తొక్కదు" అన్నారు. ఆమె ఏటా మొదటి రొట్టె ఆయనకే పంపేది; ఏటా అది తిరిగొచ్చేది. ఎందుకక్కయ్యా ఈ అవమానమంటే, "పంపటం నా పని, తిప్పికొట్టటం ఆయన పని. ఎవరి పని వాళ్లం చేస్తన్నాం గదే" అని నవ్వేది. తల్లి పోయాక తనను పెంచిన అన్న ఒక్క ముక్క తిని బాగుందంటే చాలునని ఆమె ఎంత తపించిందో నాకు తెలుసు. కాని తల్లి నేర్పిన పద్ధతి మార్చదు. ఇద్దరూ ఇద్దరే!

చివరకు మద్యనిషేధం వచ్చి కల్లు మాయమైంది. "నేను వినటంలేదని మా అన్న సర్కారుతో చెప్పించాడే!" అని తిట్టిపోసింది. తర్వాత ఎదురింటి సాయిబుల ఆడవాళ్ల దగ్గర, నానిన శనగల నీళ్లు పులియబెట్టి పిండి పొంగించడం నేర్చుకుంది. మొదటి రొట్టె తిన్నవాళ్ల పళ్లు కదిలాయి. "ఇది సన్నెకల్లు అక్కయ్యా" అంటే, "అయితే తీసకపొయ్యి కారం నూరుకో" అన్నది.

ఈ ఏడు పొంగింది. "ఇంక ఏం వంక పెడతావో ఇంటికొచ్చి పెట్టు" అని అన్నకు కబురు చేసింది. ఆయన వస్తానన్నారు! ఆనాడు ఆమె ముఖం చూడాలి, పసిపిల్లే. తెల్లారేదాకా పొంగాలి గనక సాయంత్రమే పిండి కలిపి తడిగుడ్డ కప్పింది.

మాస్టారు వచ్చేసరికి వాకిట జనం. చెల్లెలి పక్కన చాలాసేపు కూర్చుని, వంటింట్లోకి వచ్చారు. పిండి గుడ్డను పైకెత్తి నిండుగా పొంగి ఉంది. ఎవరో పారబోయబోతే, "ఆగండి. అది మా చెల్లెలు నాకోసం కలిపింది" అన్నారు. శవమున్న ఇంట పొయ్యి వెలిగించరు గనక మా ఇంట్లోనే కాల్చాను. మా అత్తగారే నిప్పులు ఎగదోశారు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక మాస్టారు ఆ వంటింటి గుమ్మం పక్కన కూర్చుని ఒక ముక్క తిన్నారు. "చానా బాగుందే మార్తా" అన్నారు. లోపలికి పళ్లెం చాచి, "ఏమే, ఇంకొంచెం పెట్టు" అన్నారు.

అక్కయ్యా, నీ స్థానం పూరించగలవారెవరు? నీకు నా అశ్రుతర్పణం. ఇన్నేళ్లు నువ్వు కోరుకున్న మాట నీ వంటింటి గుమ్మంలోనే వినబడింది. వినడానికి నువ్వే లేవు.