చేప ఫొటోకి చెక్క వెతుక్కుంటూ ఉమ్ అల్ క్వైన్

మేం తీసిన చేప ఫొటోలన్నీ తిరిగొచ్చాయి. ఈ ప్రయాణం అలా మొదలైంది.

ఎనభైల మొదట్లో దుబాయ్‌లోని దేరాలో మావారికి చిన్న స్టూడియో ఉండేది. కెమెరా ఆయనది, కెమెరా ముందు పెట్టేవన్నీ నావి. పళ్ళెం ఏది, కింద పరిచే గుడ్డ ఏది, నిమ్మచెక్క ఎటు తిప్పాలి అన్నది నేనే చూసుకునేదాన్ని. ఊరి మధ్య పారే క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున కొత్తగా తెరవబోతున్న చేపల హోటల్ వాళ్ళు మెనూకి ఫొటోలు అడిగితే, నీలం వెల్వెట్ పరిచి, గాజు పళ్ళెంలో చేప పెట్టి, పక్కన ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి వేలాడదీసి తీశాం. హోటల్ ముదీర్, అంటే మేనేజరు, వాటిని చూసి, "మేడమ్, ఈ చేప పుట్టాక సముద్రం చూసినట్టు లేదు," అన్నాడు. వారం గడువిచ్చాడు. ఈసారీ నచ్చకపోతే బొంబాయి నుంచి ఫొటోగ్రాఫర్ని పిలిపిస్తానన్నాడు.

ఆ మాటకి మావారు చిన్నబుచ్చుకున్నారు గానీ, నాకు అందులో తప్పేమీ కనబడలేదు. చేప కింద ఉండాల్సింది వెల్వెట్ కాదు, ఉప్పునీళ్ళలో నాని ఎండిన పాత పడవ చెక్క. క్రీక్ పక్కన వెతికితే అన్నీ కొత్తగా రంగులేసిన పడవలే. పాతవి కావాలంటే ఉమ్ అల్ క్వైన్ వెళ్ళమని ఒక సరంగు చెప్పాడు.

"ఒక్కదానివే వెళ్తావా విజయా?" అన్నారు మావారు.

"చెక్క తేవడానికి ఇద్దరెందుకండీ?" అన్నాను.

జనవరి చలిలో, శనివారం పొద్దున్నే సత్వాలో మా గది తాళం వేసి బయల్దేరాను. క్రీక్ దాటించే అబ్రా పడవలో దేరా ఒడ్డుకి చేరి, అక్కణ్ణించి షేర్ టాక్సీల స్టాండుకి నడిచాను. అవి టైము చూసి కదలవు, సీట్లు నిండితే కదులుతాయి. నేను వెళ్ళేసరికి అన్నీ నిండి ఒక్క సీటే మిగిలింది. "యల్లా, బెహన్‌జీ, ఆగే బైఠో," అని పఠాన్ డ్రైవర్ ముందు తలుపు తీశాడు. అప్పటికే అక్కడ కూర్చున్న అమ్మాయి సర్దుకుని చోటిచ్చింది. నా చేతిలో టేపు, తాడు, పాత దుప్పటి చూసి హిందీలో ఏదో అడగబోయి, నా బొట్టూ జడా చూసి ఆగి, "తెలుగువాళ్ళా అండీ?" అంది.

పేరు కరుణ. నరసాపురం దగ్గర పల్లె. ఉమ్ అల్ క్వైన్ ఆసుపత్రిలో నర్సు. నిన్న శుక్రవారం దుబాయ్‌లో చర్చికి వచ్చి, చుట్టాలింట్లో పడుకుని తిరిగి వెళ్తోంది. నా పని చెప్పగానే పకపకా నవ్వింది.

"చెక్కముక్క కోసం ఇంత దూరమా అండీ! మా ఊళ్ళో అయితే పొయ్యిలో పెట్టేస్తాం."

షార్జా, అజ్మాన్ దాటాక ఊళ్ళు పల్చబడ్డాయి. రెండు పక్కలా ఇసుక, అక్కడక్కడా తుమ్మచెట్లు, రోడ్డు మీదికి తాపీగా వచ్చే ఒంటెలు. టాక్సీ దిగగానే ఇరానీ టీకొట్టులో వేడి రొట్టె, జున్ను తిన్నాం. కరుణ నన్ను డబ్బులివ్వనివ్వలేదు. "ఇవాళ నా డ్యూటీ మధ్యాహ్నం నుంచి. పడవలు కట్టే చోటు మా ఆసుపత్రి వెనకే. రండక్కా," అంది. టీ పూర్తయ్యేలోగా అండీ పోయి అక్క వచ్చింది.

సముద్రం ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన పాయని అక్కడ ఖోర్ అంటారు. దాని ఒడ్డున సగం కట్టిన పడవ పక్కటెముకలు బయటపెట్టుకుని నిలబడి ఉంది. టేకు పొట్టు వాసన, చేపనూనె వాసన. రెండు పీపాల మీద అడ్డంగా వేసి ఉందో పలక. బూడిద రంగు, తేలిన ఈనెలు, మేకులున్న చోట తుప్పు చారలు. నేను వెతుకుతున్నది అదే.

పక్కనే తీగలతో చేపల బుట్ట అల్లుకుంటున్నాడు ఓ ముసలాయన. ఒకప్పటి నాఖుదా, అంటే పడవ నడిపే పెద్ద. బొంబాయి రేవులో నేర్చిన హిందీ ఆయనకి బాగానే వచ్చు. పలక ఎంతకిస్తారని అడిగాను.

"అమ్మకానికి కాదు," అన్నాడు తలెత్తకుండా. "మా నాన్న పడవది. పడవ పోయింది, ఇది మిగిలింది."

"రెండు రోజులు ఇవ్వండి బాబా, జాగ్రత్తగా తెచ్చిస్తాను."

"ఇది ఇక్కణ్ణించి కదలదు. ఖలాస్."

కరుణ నా చెయ్యి పట్టి లాగింది. "పోనీండక్కా, ఇంకోటి చూద్దాం."

నేను కదల్లేదు. ఖోర్ నీళ్ళ మీంచి వచ్చిన వెలుతురు ఆ పలక మీద పాకుతోంది. స్టూడియోలో నాలుగు దీపాలు పెట్టినా ఆ వెలుగు రాదు. దీన్ని మోసుకెళ్ళి గదిలో పెట్టాలని ఎందుకనుకున్నానా అనిపించింది.

"బాబా, చెక్క కదలక్కర్లేదు. చేపనే ఇక్కడికి తెస్తే?"

ఆయన మొదటిసారి తలెత్తి నవ్వాడు. "తేవడమేంటి? చేప ఇక్కడిదేగా!"

కిరాణా కొట్టు నుంచి మావారికి ఫోన్ చేశాను. దీపాలు లేకుండా ఎలా అన్నారు. గాలికి ఇసుక పడుతుందన్నారు. "వెలుతురు నేను చూశానండీ. కెమెరా, స్టాండు పట్టుకుని రేపు మొదటి టాక్సీకి రండి," అని పెట్టేశాను. ఆ రాత్రి మేట్రన్‌ని అడిగి కరుణ తన గదిలోనే నాకు మంచం వేయించింది. చింతకాయ పచ్చడితో అన్నం పెట్టింది. నేను హాయిగా నిద్రపోయాను.

పొద్దున మావారు దిగేసరికి నాఖుదా కట్టెలు కాల్చి, ఆ నిప్పుల మీద హమూర్ చేపని తన చేత్తోనే కాలుస్తున్నాడు. ఉప్పు, ఎండబెట్టిన నల్ల నిమ్మకాయ పొడి, అంతే. ఇంటి నుంచి సొట్టలు పడ్డ రాగి పళ్ళెం తెప్పించాడు. స్టూడియోలో అయితే మెరుపు కోసం చేపకి గ్లిసరిన్ పూసేదాన్ని. ఆ రోజు పూస్తే తినడానికి పనికిరాదు, మేమా ఆకలి మీదున్నాం.

గాలి సగం కట్టిన పడవ చాటున ఆగింది. పళ్ళెం పలక మీద పెట్టాను. మావారు కెమెరాలోంచి చూసి పెదవి విరిచారు.

"చేపకి ఈ పక్కంతా చీకటి. వెలుగు మళ్ళించే తెల్ల అట్ట తేవడం మర్చిపోయాను."

ఊళ్ళో వెతికే టైము లేదు, ఎండ ఎక్కేస్తోంది. అప్పుడే డ్యూటీకి వెళ్తూ కరుణ చూసిపోదామని వచ్చింది, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాంలో.

"కరుణా, ఇలా వచ్చి చేప పక్కన నిలబడు. ఇంకాస్త దగ్గరికి. వంగు."

యూనిఫాం మీద పడ్డ ఎండ చేప మీదికి మళ్ళింది. కాలిన పొలుసు ఒక్కొక్కటీ తేలింది. మావారు వరసగా నొక్కుతూ పోయారు.

"త్వరగా కానివ్వండి బావగారూ, మేట్రన్ చంపేస్తుంది!" అంటోంది కరుణ వంగే ఉండి.

ఫిల్ము అయిపోయాక పలక చుట్టూ కూర్చుని ఆ చేపని ముల్లు మిగలకుండా తిన్నాం. కరుణ నిలబడే రెండు ముక్కలు నోట్లో వేసుకుని పరిగెత్తింది.

హోటల్ ముదీర్ ఫొటోలన్నీ బల్ల మీద పరిచి, ఒకటి పక్కకి తీశాడు. తర్వాత, "దీన్ని మెనూ లోపల కాదు, పై అట్ట మీద వేద్దాం," అన్నాడు. బొంబాయి మాట మళ్ళీ ఎత్తలేదు.

పెద్ద సైజు ప్రింట్లు రెండు వేయించి, తర్వాతి వారం ఇద్దరం మళ్ళీ ఉమ్ అల్ క్వైన్ వెళ్ళాం. కరుణ తన ప్రింటు చూసి, "ఇందులో నేనేదీ?" అంది. "చేప మీదున్న వెలుగంతా నువ్వే," అన్నాను. నాఖుదా మాత్రం చేపని చూడలేదు. పలక అంచున వేలు పెట్టి, "మా నాన్న కత్తి గాట్లు," అన్నాడు. ఫొటోలో అవి గీసినట్టు కనిపిస్తున్నాయి. ప్రింటుని గుండెకి ఆనించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పాయ వెలుతురు పొద్దున పూటే బాగుంటుంది. వెళ్ళేవాళ్ళు మొదటి టాక్సీకే వెళ్ళండి, కొనడానికి వచ్చామని మాత్రం ముందే చెప్పకండి.

తిరుగు టాక్సీలో అజ్మాన్ దాటేదాకా మావారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్ళూ ఏ పని వచ్చినా స్టూడియోలోకి ఏం తెద్దామనే అడిగేవారు.

"వచ్చే వారం మిఠాయి దుకాణం వాళ్ళ పని ఉంది. ఎక్కడ తీద్దాం?" అన్నారు.

"ముందు నేను వెళ్ళి చూసొస్తాను," అన్నాను.