ముస్తాబై ఆసుపత్రికి వెళ్లిన ఎఫీ

ఉయిస్ట్ దీవిలో ఎఫీ స్టీల్ నోట్లో నానని మనిషి లేడు. అరవై దాటినా పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లందరి తాతల సంగతీ తెలుసు కాబట్టే చేసుకోలేదని తనే చెప్పేది. ఆమెకున్న ఆస్తల్లా నాలుగు ఆవులు, ఫ్లోస్ అనే ముసలి కుక్క, ఎప్పుడూ నీళ్లు ఊరే కాస్త నేల, వీటన్నిటికీ మించి దీవిలోని ప్రతి ఇంటి వంశావళి. ఎవడైనా కాస్త తలెగరేస్తే చాలు, "నువ్వు డోనల్ కొడుకు అలిస్టర్ కొడుకువి కదూ? బిషప్ గారొచ్చిన రోజు మీ డోనల్ తాత లాగు వేసుకోవడం మర్చిపోయి కొవ్వొత్తి పట్టుకుని గుళ్లో నిలబడ్డాడు" అని మొదలుపెట్టేది. అక్కడితో వాడి ఎగురుడు ఆగిపోయేది.

అలాంటి మనిషికి పేర్లు జారిపోవడం మొదలైంది.

ముందు మోకాలు వాచింది. తర్వాత రెండో మోకాలు. ఆ తర్వాత పాలు పితికి లేచేసరికి ఒళ్లంతా ఎవరో పిండేసినట్టు ఉండేది. వీటిని ఆమె లెక్కచేయలేదు. వయసొచ్చాక ఏదో ఒకటి నొప్పి పెట్టకపోతే బతికున్నట్టు ఎలా తెలుస్తుందని తనకు తనే చెప్పుకుంది. కానీ ఒకరోజు దుకాణంలో అలిస్టర్ కొడుకు ఎదురుపడి వెటకారంగా ఏదో అన్నాడు. ఎఫీ నోరు తెరిచింది. లాగు గుర్తుంది, కొవ్వొత్తి గుర్తుంది, తాత పేరు మాత్రం రాలేదు. వాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఎఫీ బంగాళాదుంపల బస్తా పక్కన అలాగే నిలబడిపోయింది.

భయం ఎందుకంటే, వాళ్లమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు పేర్లు, తర్వాత ముఖాలు, ఆ తర్వాత కూతుర్ని ఆవు పేరుతో పిలవడం. చివరి మూడేళ్లూ వృద్ధాశ్రమంలో కిటికీ పక్కన కూర్చుని ఎవరో వస్తారని ఎదురుచూసింది, కూతురు వచ్చి ఎదురుగా కూర్చున్నా సరే. తన గతీ అంతే అవుతుందా అన్నది ఎఫీ గుండెల్లో దిగబడిన ప్రశ్న. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి మిగిలిన ఒక్క దగ్గరి మనిషి మరదలు పెగీ. పెగీతో మాటల్లేవు.

తమ్ముడు రూరీ పోయి ఐదేళ్లయింది. అతని పడవని పెగీ తన సొంత అన్నకి ఇచ్చేసింది. ఇచ్చేముందు ఆడపడుచుని ఒక్క మాట అడగలేదు. ఆ రోజు నుంచి ఇద్దరూ కంచెకి అటొకరు ఇటొకరు బట్టలారేసుకుంటూ, చెప్పదలచుకున్నవన్నీ ఎవరి కుక్కతో వాళ్లు చెప్పుకుంటున్నారు.

చివరికి దీవి నర్సు పోరు పడలేక ఎఫీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టర్ బెవన్ వేల్స్ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల.

"ఒంట్లో ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది డాక్టరమ్మా. మీకు ఈ గాలి పడుతోందా?"

"కుంటుతున్నారు కదా."

"అది నడిచేటప్పుడే."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "పిడుదులేమైనా కుట్టాయా?"

"కుట్టనిదెప్పుడు? మొన్న ప్రసంగం మధ్యలో ఫాదర్ గారు చంకలో చెయ్యి పెట్టి ఒకటి పీకారు. భక్తితో గుండె మీద చెయ్యి వేసుకున్నారనుకుని సగం మంది లేచి నిలబడ్డారు."

ఉయిస్ట్‌లో జింకలు పెరటి దుంపల దాకా వస్తాయి, వాటి వెంట ఒంటికి అతుక్కుని రక్తం తాగే పిడుదులూ వస్తాయి. సాయంత్రం టీవీ ముందు కూర్చుని కాళ్ల మీది పిడుదుల్ని గిల్లి పొయ్యిలో వేయడం ఇక్కడ అందరి కాలక్షేపం. పిడుదు కుట్టిందని డాక్టరుకి చెప్పడమంటే వాన పడిందని చెప్పడమే.

"ఎర్రగా, గుండ్రంగా మచ్చ ఏమైనా కనిపించిందా?"

"నాకేం కనిపించలేదు" అంది ఎఫీ. ఆ మాట నిజమే.

డాక్టరమ్మకి అనుమానం లైమ్ జబ్బు మీదే ఉంది. పిడుదు కాటుతో వస్తుంది, కీళ్లు పట్టేస్తాయి, ఒక్కోసారి నరాల దాకా పోతుంది. రక్తం తీసి పంపితే ఫలితం అటూ ఇటూ కాకుండా వచ్చింది. పేర్లు మర్చిపోవడం ఆ జబ్బువల్లనా, వాళ్లమ్మ జబ్బా అన్నది పెద్ద డాక్టరే తేల్చాలని చెప్పి అవతలి ఒడ్డున పెద్దాసుపత్రికి రాసింది. పిలుపు రావడానికి చలికాలం మొత్తం పట్టింది.

ఇక్కడే ఎఫీ తప్పు చేసింది. తప్పంటే ఆమె ఒక్కదానిదే కాదు, ఈ దీవిలో పుట్టిన ఎవరైనా అదే చేస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే ఇక్కడ పెళ్లికి వెళ్లడం కంటే పెద్ద పని. ఒంటికి బాగాలేనట్టు కనిపిస్తూ డాక్టరు ముందుకు వెళ్లడం మర్యాద కాదు, ఇంటి పరువు పోతుంది. ఎఫీ రెండు రోజుల ముందు నుంచే మంచం దిగకుండా విశ్రాంతి తీసుకుంది. జుట్టు వంకీలు తిప్పించుకుంది. గుడికి వేసుకునే నీలం కోటు తొడిగి, వాళ్లమ్మ వెండి పిన్ను పెట్టుకుని, బుగ్గలకి ఎరుపు రాసుకుంది. కుంటు కనపడకూడదని నొప్పి మాత్రలు డబుల్ మోతాదు మింగింది. పెద్ద డాక్టరుకి ఇవ్వడానికి ఓట్స్ రొట్టెలు కాల్చి, ఇంట్లో చేసిన జున్ను మూటగట్టి విమానం ఎక్కింది.

పెద్ద డాక్టరు పేరు ఫోర్సైత్. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. తలుపు తీసేసరికి ఎదురుగా గులాబీ బుగ్గలతో, చేతిలో జున్నుతో రాణీగారు నిలబడి ఉంది.

"నొప్పులెలా ఉన్నాయి?"

"ఫర్వాలేదు."

"జ్ఞాపకశక్తి?"

"వయసుకి తగ్గట్టుంది."

"రోజువారీ పనులు చేసుకోగలుగుతున్నారా?"

"దేవుడి దయ."

ఇంకేం కావాలి? ఆమె ఆరోగ్యంగానే ఉందని, మళ్లీ రావలసిన పని లేదని ఆయన దీవికి కబురు పంపాడు. జున్ను చాలా బాగుందని కూడా చేర్చాడు. డాక్టరమ్మ అది చదివి తల పట్టుకుంది. ఎఫీ మాత్రం ఇంటికొచ్చి కోటు విప్పకుండానే మంచం మీద పడి ఏడ్చింది. అడిగి రావలసిన ఒక్క ప్రశ్నా అడగకుండానే వచ్చేసింది మరి.

మే నెలలో ఏటా జరిగే రూరీ వర్ధంతి ప్రార్థన వచ్చింది. మాటలున్నా లేకపోయినా ఆ సాయంత్రం పెగీ ఆడపడుచు ఇంటికి వచ్చి కూర్చుంటుంది. ఇరుగుపొరుగూ వస్తారు. ఇంటి పెద్ద జపమాల పట్టుకుని పోయినవాళ్ల పేర్లు చెప్పాలి. గడపలో నిలబడ్డ ఫాదర్ గారిని చూసి ఎఫీ, "లోపలికి రా ఫ్లోస్" అంది. అందరూ నవ్వారు. ఎఫీ హాస్యమాడిందనుకున్నారు. ఫాదర్ గారు కూడా తోకాడిస్తున్నట్టు నటించి కూర్చున్నారు. ప్రార్థన మొదలైంది. అమ్మ పేరు వచ్చింది, నాన్న పేరు వచ్చింది. "మా తమ్ముడు" అని ఎఫీ ఆగింది.

ఆగి, అలాగే ఉండిపోయింది. పొయ్యిలో పీటు మట్టి గడ్డలు చిటపటమంటున్నాయి. పక్కనుంచి పెగీ దగ్గి, "రూరీ" అని మెల్లగా అందించింది. ప్రార్థన ముందుకు సాగింది. దుఃఖం వల్ల గొంతు పూడుకుపోయిందని అందరూ అనుకున్నారు. పెగీ అనుకోలేదు. ఆమె ఎఫీ ముఖమే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పెగీ తనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఏం చెప్పిందో ఏమో, జూలైలో పెద్దాసుపత్రి నుంచి మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి తోడు లేకుండా పంపేది లేదని, ఆ తోడు మరదలేనని డాక్టరమ్మ తెగేసి చెప్పింది.

"ఆ పడవ దొంగతోనా?" అంది ఎఫీ.

"ఆవిడతోనే. కోటూ జున్నూ వద్దు. మాత్రలు అసలే వద్దు."

కోటు విషయంలో మాత్రం ఎఫీ వినలేదు. విమానంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చెరో కిటికీ చూశారు. పెగీకి కిటికీ లేదు, అయినా చూసింది.

ఫోర్సైత్ గారు మళ్లీ అదే ప్రశ్న అడిగారు. ఎఫీ మళ్లీ అదే జవాబు మొదలుపెట్టింది. "బాగానే..."

"ఏం బాగు?" అని పెగీ అందుకుంది. మా దీవిలో తన బాధ చెప్పుకోవడం సిగ్గుచేటు గాని, పక్కవాళ్ల బాధ ఏకరువు పెట్టడానికి ఏ అడ్డూ లేదు. పైగా పక్కనున్నది ఆడపడుచాయె. ఐదేళ్లుగా కుక్కకి చెప్పుకున్నదంతా పెగీ ఇప్పుడు డాక్టరుకి చెప్పింది. "పాకలో పడిపోయి గంటసేపు లేవలేకపోయింది, నేను కంచె ఇవతల నుంచి చూస్తూనే ఉన్నా. టీలో ఉప్పేసుకుని తాగుతుంది. ఫాదర్ గార్ని కుక్క పేరు పెట్టి పిలిచింది. ఆయన దానికి తగ్గవాడే అనుకోండి, అది వేరే సంగతి. పోయినేడాది పీటు కోసే రోజున మోకాలి వెనక పళ్లెమంత ఎర్రటి చక్రం ఉంది. నా రెండు కళ్లతో చూశా."

డాక్టరు కలం ఆగింది. ఎఫీ కుర్చీలో నిటారుగా అయింది.

"చూశావా? చూసి చెప్పలేదా?"

"మనకి మాటల్లేవు కదా వదినా."

"ఏడాది కడుపులో దాచుకున్నావా? నీ పెదవులు కుట్టేశారా? కుక్కకైనా చెప్పకపోయావా?"

"కుక్కకి చెప్పా." పెగీ గొంతు తగ్గింది. "తప్పు నాదే. ఆయన ఉంటే నన్ను ఇంట్లోంచి గెంటేసేవాడు."

ఫోర్సైత్ గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఆయనంటే మీ తమ్ముడా? ఆయన పేరేంటండీ?" అని ఎఫీని మెత్తగా అడిగారు.

ఎఫీ నోరు తెరిచింది. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పింది, ముక్కు తుడిచింది, తన చేత్తో వాడి శవపేటికకి పూలు పెట్టింది. ముఖం కళ్లముందే ఉంది, ముందు పళ్ల మధ్య సందుతో సహా ఉంది. పేరు లేదు. ఆమె మరదలి వైపు చూసింది. పెగీ తలవంచుకుంది, ఈసారి అందించలేదు.

"నాకు బాగాలేదు డాక్టర్ గారూ" అంది ఎఫీ. జన్మలో డాక్టరుతో అనని మాట అది. "మా అమ్మకొచ్చిందే నాకూ వచ్చిందా? అది చెప్పండి చాలు."

ఆ రోజే రక్తం తీశారు. వెన్నులోంచి నీళ్లూ తీశారు. వీపు చూపించాల్సి వచ్చినందుకు ఎఫీ సూది పట్టుకొచ్చిన కుర్ర డాక్టరు తాత ముత్తాతల వివరాలు అడిగి మరీ పడుకుంది. ఫలితం ఫోనులో వచ్చింది. లైమ్ జబ్బే, నరాల దాకా పాకింది. వాళ్లమ్మ జబ్బు ఆనవాళ్లు లేవు. మందు పనిచేస్తుందని, అయితే ఆలస్యమైంది కాబట్టి పోయినదంతా తిరిగొస్తుందని మాటివ్వలేనని ఫోర్సైత్ గారు దాపరికం లేకుండా చెప్పారు. ఎఫీ ఫోను పెట్టేసి పాకలోకి వెళ్లి, ఆవు మెడ పట్టుకుని చాలాసేపు నిలబడింది.

మూడు వారాలు రోజూ దీవి ఆసుపత్రిలో సెలైన్‌తో మందు ఎక్కించారు. పెగీయే కారులో తీసుకెళ్లేది. దారి పొడుగునా పడవ గురించి పోట్లాడుకునేవారు. మోకాళ్ల వాపు తీసింది. ఒంట్లోకి సత్తువ వచ్చింది. పేర్లు మాత్రం బిడియపడుతూ ఒక్కొక్కటే వచ్చాయి. ఫాదర్ గారు మళ్లీ ఫాదర్ గారయ్యారు. తమ్ముడి పేరు పెగీ చెబితే తెలుస్తుంది, పడుకుని లేస్తే ఉండదు. రోజూ మరదల్ని అడగడం ఎఫీకి చిన్నతనం. అడగడం మానేసింది. ఇక అది రాదని మనసులో ఖాయం చేసుకుంది.

నవంబరులో మూడు రోజులు ఎడతెగని వాన. నాలుగో రోజు పొద్దున ఎఫీ పొలంలోకి వెళ్లేసరికి చూడి ఆవు కాలవలో పడి ఉంది. ఒడ్డు జారి నడుం దాకా బురదలో దిగబడి, తల ఒక్కటి పైకెత్తి చూస్తోంది. ఎఫీ గట్టు మీంచి కిందికి దిగి రెండు కొమ్ములూ పట్టుకుంది. ఆవు కదల్లేదు. నీళ్లు పెరుగుతున్నాయి. కొమ్ములు వదిలితే తల మునుగుతుంది, వదలకపోతే తాడు తెచ్చే దారి లేదు.

ఆమె ఇంటివైపు తలతిప్పి ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"ఒరేయ్ రూరీ, తాడు తేరా!"

అరిచాక గాని తనేమన్నదో తనకి వినపడలేదు. చేతులు కొమ్ముల మీదే ఉన్నాయి. వాన ముఖం మీంచి కారుతోంది. ఆమె మళ్లీ అంది, ఈసారి అరవలేదు. ఆవుకి చెబుతున్నట్టు, "రూరీ. రూరీ" అంది.

కంచె అవతల తలుపు దడాలున తెరుచుకుంది. పెగీ ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, రాత్రి గౌను మీద రూరీ పాత రైన్‌కోటు వేసుకుని, తాడు భుజాన వేసుకుని బురదలో పడుతూ లేస్తూ వచ్చింది. గట్టు మీద ఆగి రొప్పుతూ కిందికి చూసింది. ముఖమంతా తడిసి ఉంది, అందులో వాన ఎంతో కన్నీళ్లెంతో చెప్పలేం.

"ఆయన రాలేడు వదినా" అంది. "నేనొచ్చా."

"కొమ్ములకి కాదు, మెడకి వెయ్" అంది ఎఫీ.