రెండో దెబ్బ

ఎడిన్‌బర్గ్‌లో మా ఫ్లాట్‌మేట్‌ని సాంబా డ్రమ్ముల క్లాసుకి తీసుకెళ్లింది నేనే. ఆ తప్పు నాదే. ఆమెది వరంగల్, మాస్టర్స్ చదువుతోంది, ఏ వాద్యమూ ముట్టి ఎరగదు. నేనేమో కాకినాడలో ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నదాన్ని.

శనివారాలు చర్చి హాల్లో ప్రాక్టీసు. నేర్పేది బ్రెజిల్ ఆయన. నా కళ్లన్నీ పెద్ద డ్రమ్ము మీదే, బృందమంతా నడిచేది దాన్ని బట్టే కదా. వేసవి ఊరేగింపులో దాన్ని నేను తగిలించుకోవాలి, ఆ ఫోటోలు మా వాళ్లందరూ చూడాలి.

సాంబాలో బరువు రెండో దెబ్బ మీద పడుతుంది. నా చెయ్యి మాత్రం ఒకటో దెబ్బ మీదే వాలేది. మా గురువుగారు చిన్నప్పుడే అలా నూరిపోశారు మరి. ఏమీ రాని ఆమెకి మరిచిపోవాల్సిందీ లేదు. రెండు వారాలకే ఆయన పెద్ద డ్రమ్ము ఆమెకిచ్చి, నా చేతిలో గిలక్కాయ పెట్టాడు. ఏకై వచ్చి మేకై కూర్చుంది! ఆమె వాయిస్తుంటే అందరి భుజాలూ ఊగేవి. నాకు కడుపు మండిపోయేది.

చివరి ప్రాక్టీసుకి వెళ్తూ బస్సులో అడిగింది.

“అక్కా, నేనేడన్న తప్పు కొడుతున్ననా? నిజం చెప్పు.”

“ఒకటో దెబ్బ తేలిపోతోంది. రెండోదానికంటే గట్టిగా వెయ్యి,” అన్నాను. నోరు తడబడలేదు కూడా.

అలాగే వేసింది. బృందం నడక చెదిరిపోయింది. ఆయన మూడుసార్లు ఆపించి, విసుగొచ్చి, డ్రమ్ము విప్పించి నాకిచ్చాడు. కిచెన్ బల్ల మీద నేను చాటుగా రెండో దెబ్బ సాధన చేస్తూనే ఉన్నాను కాబట్టి ఆ పూటకి నా చెయ్యి తప్పలేదు. ఆమె నా చేతిలోని గిలక్కాయ అందుకుంది.

ఊరేగింపునాడు రోడ్డుకి రెండువైపులా జనం. అందరి ఫోన్లూ నావైపు లేచేసరికి ఒళ్లు తెలియలేదు. ఆ సంబరంలో పాత చెయ్యి లేచి ధన్‌మని ఒకటో దెబ్బ మీద పడింది. వెనక వరసలు తడబడ్డాయి. ఆయన గిరుక్కున తిరిగి చూశాడు.

ఆమె నా పక్కకి జరిగింది. రెండో దెబ్బ పడాల్సిన ప్రతిసారీ నా చెవి దగ్గర గిలక్కాయ గట్టిగా ఆడిస్తూ, నావైపు చూడకుండానే అంది.

“ఒకటి కాదక్కా, రెండు. ఆ రోజు గుడ నాకెర్కే. నువ్వు చెప్పినవని కొట్టిన.”