డిటెక్టివ్‌గారికి కారు కావలెను

మా పిన్ని ఇప్పటిదాకా నాలుగు వందల మందికి కార్లు ఎంచి పెట్టింది. ఆ నాలుగు వందల మందిలో ఒక్కడూ ఈ భూమ్మీద పుట్టలేదు. పుట్టనివాళ్ళకి కార్లెందుకని అడిగారంటే మీకు వారపత్రికలు చదివే అలవాటు లేదన్నమాట. పిన్ని డిటెక్టివ్ సీరియళ్ళు రాస్తుంది. తన పాత్రకి అమ్మానాన్నా లేకపోయినా సర్దుకుంటుంది గానీ, సరైన కారు లేకపోతే ఒక్క ముక్క ముందుకి రాయదు. అదీ కూర్చున్నచోట ఊహించి రాసే రకం కాదు. షాపుకి వెళ్ళాలి, ఎక్కి కూర్చోవాలి, తలుపు నాలుగుసార్లు వేసి తీసి చూడాలి.

ఇంతా చేసి ఆవిడకి డ్రైవింగ్ రాదు. అందుకని నన్ను వెంటేసుకుని వెళ్ళేది. నేను డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీని వదిలేశాక (కాలేజీ ఇప్పటికీ కోలుకోలేదని విన్నాను) ఇంట్లో ఎప్పుడంటే అప్పుడు ఖాళీగా దొరికేది నేనొక్కణ్ణే. పైగా నాలాంటి డ్రైవరు ఈ చుట్టుపక్కల లేడు. సూది బెజ్జంలోంచి లారీని రివర్సులో తీసుకురాగలను.

మొదట్లో పెద్ద పెద్ద షోరూములకే వెళ్ళేవాళ్ళం. అద్దాల గోడలు, చల్లటి గాలి, మెడకి టై బిగించుకున్న సేల్స్‌మన్.

"కారు ఎవరికోసమమ్మా?"

"మా డాక్టరుగారికి."

"ఆయన్ని కూడా తీసుకొస్తే బాగుండేది కదమ్మా."

"కుదరదండీ. వచ్చే నెల ఆయనకి విషం పెడుతున్నాం."

సేల్స్‌మన్ మాకివ్వబోయిన మంచినీళ్ళు తనే తాగేశాడు.

"మరి... పోయే ఆయనకి కొత్త కారెందుకమ్మా?"

"అప్పటిదాకా నడిచి తిరగమంటారా? అంత పేరున్న డాక్టరుని!"

ఇంకోసారి ఒక బ్యాంకు మేనేజరు శవం డిక్కీలో పడుతుందో లేదో తేల్చాల్సి వచ్చింది. "ఒరేయ్, నువ్వూ ఆయనా ఒకటే ఎత్తు. ఒక్క నిమిషం పడుకో నాన్నా," అంది పిన్ని. పడుకున్నాను. తలుపు మూసింది. నోటుపుస్తకంలో కొలతలు రాసుకుంటూ అటు నడిచింది. ఈలోపు కారు కొందామని వచ్చిన పెద్దమనిషి ఒకాయన డిక్కీ తెరిచాడు. నేను మర్యాదగా నమస్కారం పెట్టాను. ఆయన ఆ రోజు నుంచి సైకిలు మీదే తిరుగుతున్నాడట.

చివరికి షోరూముల వాళ్ళందరూ కూడబలుక్కుని మమ్మల్ని గుమ్మం తొక్కనివ్వడం మానేశారు. అప్పుడు దొరికింది రైలు గేటు పక్కనున్న పాత కార్ల షెడ్డు. నీలం రేకుల పైకప్పు, కింద మూడు వరసల్లో కార్లు, మూలన ఒక బల్ల, బల్ల వెనక ఒక ముసలి సేల్స్‌మన్. అందరూ ఆయన్ని 'ఉన్నమాట' అనేవారు. ఎందుకంటే ఆయన కారు గురించి నోరు తెరిస్తే ఉన్నమాట తప్ప ఇంకోటి వచ్చేది కాదు.

"అన్నయ్యగారూ, మా డిటెక్టివ్‌కి ఈ తెల్ల కారు ఎలా ఉంటుందంటారు?"

షోరూము వాళ్ళలా నీళ్ళు నమలలేదాయన. "ఆయన స్వభావం ఎలాంటిదమ్మా?" అన్నాడు.

"ఎవర్నీ నమ్మడు."

"అయితే వద్దమ్మా. దీని పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగంలోనే ఉంటుంది. నమ్మేవాళ్ళకే ఇబ్బంది, నమ్మనివాడు పిచ్చెక్కిపోతాడు."

పిన్ని ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకి తన భాష తెలిసినవాడు దొరికాడు. అప్పటికి డిటెక్టివ్ పరిస్థితి ఏమంత బాగాలేదు. అతని కారుని పిన్నే ఒక చెరువులో ముంచేసింది. కొత్తది కుదిరేదాకా ఉండమని బస్టాపులో నిలబెట్టింది. మూడు వారాలుగా అక్కడే ఉన్నాడు. ఎడిటరు ఫోన్ల మీద ఫోన్లు.

"అమ్మగారూ, మీవాడు ఎక్కకుండా వదిలేసిన బస్సులు ఎన్నో తెలుసా? హంతకుడు ఈపాటికి రిటైరై ఉంటాడు! సోమవారానికి మీ డిటెక్టివ్ బస్టాపు దాటకపోతే సీరియల్ ఆపేస్తాను."

అదృష్టవశాత్తూ ఆ శుక్రవారమే కారు కుదిరింది. ముందు వరసలో నల్లది. "తలుపు వేస్తే చప్పుడు రాదురా. అనుమానం మనిషి తలుపు గట్టిగా వేయడు," అంది పిన్ని. రాత్రికల్లా భాగం రాసి నా చేత చదివించింది. నల్ల కారులో డిటెక్టివ్ వెళ్తుంటే నాకే ఈల వేయాలనిపించింది.

శనివారం ఉన్నమాటకి థాంక్స్ చెబుదామని వెళ్ళాం. షెడ్డు బయటికే యజమాని గొంతు వినిపించింది.

"వెనక వరసలో ఆ మూడు కార్లు ఏడాదిగా వేళ్ళు తన్ని కూర్చున్నాయి పెద్దాయనా! వచ్చినవాళ్ళకి లోపాలు చదివి వినిపించి పంపించేస్తున్నావు. అదీగాక ఆ కొనని ఆవిణ్ణి వెంటేసుకుని వారాలకి వారాలు తిరుగుతున్నావు. వచ్చే శనివారం లోపల వాటిలో ఒక్కటైనా కదలాలి. లేదా నువ్వు కదులు."

"అలాగే బాబూ. కానీ రెండో గేరు సంగతి చెప్పకుండా ఎలా అమ్మను?"

'కొనని ఆవిడ' గుమ్మంలో ఆగిపోయింది. లోపలికి వెళ్ళలేదు. బస్సులో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అదీ మా పిన్ని, బస్సులో కండక్టరుకి కూడా ఏ కారు నప్పుతుందో చెప్పే మనిషి!

ఆదివారం పొద్దున్న లేచేసరికి నల్ల కారు భాగం ముక్కలై చెత్తబుట్టలో ఉంది. పిన్ని బల్ల దగ్గర వంగి రాస్తోంది. సాయంత్రం కాగితాలు నా ముందు పడేసింది. చదివి నేను నోరు వెళ్ళబెట్టాను. డిటెక్టివ్ రైలు గేటు పక్కన నీలం రేకుల షెడ్డుకి నడుచుకుంటూ వెళ్ళాడు. వెనక వరసలో రంగు వెలిసిన ఆకుపచ్చ కారు ముందు నిలబడ్డాడు. ముసలి సేల్స్‌మన్ దాని లోపాలన్నీ చెప్పాడు: రెండో గేరు అలుగుతుంది, ఎడమ తలుపు లోపల్నుంచే తెరుచుకుంటుంది, వైపరు కుడివైపు వానని మాత్రమే తుడుస్తుంది. అంతా విని డిటెక్టివ్ అన్నాడు: "పాతికేళ్ళ వృత్తిలో నాకు నిజం చెప్పిన మొదటి సాక్షి మీరు." కారు కొనేశాడు.

"పిన్నీ, ఇది ఆయనకి నప్పదు! తలుపు వేస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది!"

"నాకు తెలుసు. పోస్టులో వద్దు, నువ్వే తీసుకెళ్ళి ఇచ్చిరా."

ఎడిటరు చదివి తల పట్టుకుని ఫోన్ చేశాడు. "హంతకుడేడమ్మా? భాగమంతా గేరు గురించే ఉంది!"

"హంతకుడు ఎక్కడికీ పోడు లెండి. వాణ్ణి రాసేది నేనే."

గురువారం పత్రిక వచ్చింది. శుక్రవారం పొద్దున్నే భార్యాభర్తలిద్దరు పత్రిక చేత్తో పట్టుకుని షెడ్డుకి వచ్చారు. ఉన్నమాట అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. భార్య కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంకా ఏమైనా ఉన్నాయాండీ?" "ఉన్నాయమ్మా, సీటు కింద స్ప్రింగు..." "చెప్పండి, చెప్పండి!" అంటూ కథ విన్నట్టు విన్నారు. ఇంత చెప్పినవాడు ఇంకేం దాస్తాడు అనుకుని ఆకుపచ్చ కారు తీసుకెళ్ళిపోయారు. శనివారం జనం వరస రైలు గేటు దాటింది. నూరు మందికి తక్కువ ఉండరు. రైలే ఆగి దారి ఇచ్చింది. సాయంత్రానికి వెనక వరసలో రెండు ఖాళీలు. తర్వాతి వారం యజమాని కొత్తగా చేరిన సేల్స్‌మన్‌ని పిలిచి, "నువ్వూ ఆయన దగ్గర నాలుగు లోపాలు నేర్చుకో," అన్నాడు.

ఉన్నమాట ఇప్పటికీ ఆ బల్ల వెనకే ఉన్నాడు. పాపం, ఇరుక్కుపోయింది డిటెక్టివే. దొంగని వెంబడించిన ప్రతిసారీ రెండో గేరు దగ్గర వాడు తప్పించుకుంటాడు. పాఠకులు చేతులు నలుపుకుంటూ మరుసటి వారం కోసం చూస్తారు. అన్నేళ్ళలో పిన్ని ఒక పాత్రకి తెలిసి తెలిసి నప్పని కారు ఇచ్చింది అదొక్కసారే. ఎందుకిచ్చావని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇదంతా రాసి మొన్న ఆవిడకి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. కళ్ళు తుడుచుకుంటుందేమోనని ఆశగా చూశాను. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అంది:

"నూరు మంది కాదు, పదకొండు. అందులో ఇద్దరు పంక్చరు షాపు ఎక్కడని అడగడానికొచ్చారు."