నిన్నటి బరువే

మా మనవరాలు శ్రావణి శనివారం ఎచ్చెర్ల హాస్టలు నుంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా నా తెల్ల తుండుకి చేతులు తుడిచేసింది. ఉతికి ఆరేసిన తుండు నిండా నీలం మరకలు. నాలుగు తిట్లు తిట్టి, సబ్బు రుద్దబోతూ తుండుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్టుకున్నదాన్ని అలాగే నూతి గట్టు మీద కూర్చుండిపోయాను. ఆ వాసన నాకు తెలుసు. బడిలో రాసే సుద్ద కాదది. పూల్ ఆడే కర్ర కొనకి రాసే నీలం సుద్ద. పొడిగా, కాస్త చేదుగా, రాత్రంతా మూసి ఉన్న గది తలుపు తీసినప్పుడు మొహానికి తగిలే గాలిలా ఉంటుంది. ఆ తలుపు తీసి నాకు ఎన్నేళ్ళయిందో.

నన్ను అలా చూసి శ్రావణి తిట్లు అయిపోయాయనుకుని ధైర్యంగా పక్కన కూర్చుంది. కాలేజీ దగ్గర పూల్ ఆడుతోందట. ఫోను తీసి ఒక కర్ర బొమ్మ చూపించింది. దాని వెనక చివర మర విప్పి లోపల బరువులు మార్చుకోవచ్చట. ఆడేవాళ్ళ చేతిని బట్టి కర్ర బరువు, అది తూగే చోటు సరిచేసుకోవచ్చట. వాళ్ళ నాన్నతో ఒక మాట చెప్పమని నన్ను బతిమాలింది. చెప్పేవి అన్నీ చెప్పి, చివరికి తనకే అనుమానం వచ్చినట్టుంది. "నిజంగా ఆ బరువుతో ఆట మారుతాదంటావా నానమ్మా?" అని అడిగింది. వేలిముద్ర వెయ్యకుండా సంతకం పెట్టేంత చదువే నాది. నరసన్నపేటలో పాలవాడు గ్లాసు నురగతో నింపితే ఊరుకోని ముసలిదాన్ని. నన్ను అడగవలసిన ప్రశ్న కాదది. అయినా జవాబు చెప్పగలిగిన మనిషి దగ్గర నేను పని చేశాను.

అప్పట్లో మేము విజయనగరంలో ఉండేవాళ్ళం. జగన్నాథం బాబుగారి గుడ్డల కొట్లో మా ఆయన మూటలు దించేవాడు. కొట్టు పైన మేడగదిలో బాబుకి ఒక పూల్ బల్ల ఉండేది. ఎక్కడో పాత క్లబ్బు మూసేస్తుంటే కొని, కిటికీ చువ్వలు ఊడదీయించి మరీ లోపలికి ఎక్కించారట. ఆ గది ఊడ్చి, బల్ల మీద పచ్చ బట్టని బ్రష్షుతో దువ్వే పని నాకు పెట్టారు. మొదటిరోజు నేను నడుం వంచి, పళ్ళు బిగించి, అడుగంటిన గిన్నెని తోమినట్టు తోమాను. బాబు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఒసే పైడమ్మా, దాని సర్మం వలిచేస్తావేటే? బ్రష్షుకి బరువున్నాది. నీ బరువు కూడా ఎందుకు దానికి?" అన్నారు. నాకు రోషం వచ్చింది. పని బాగా చేస్తే మాట పడడమేమిటనుకున్నాను. ఆయన నా చేతిలోంచి బ్రష్షు తీసుకుని, ఒక వైపుకే, ఊరికే పోనిస్తున్నట్టు లాగి చూపించారు. బట్ట మీద నూగు గాలికి వాలిన వరిచేనులా ఒకే వైపు పడుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి చీపురు పట్టుకుంటే, అంతకాలం నేను ఊడుస్తున్నది తక్కువ, నొక్కుతున్నది ఎక్కువ అని తెలిసింది.

ఆయన ఆడుతుంటే చూడడం నాకు అలవాటైంది. చూస్తున్నట్టు కనపడకుండా, కిటికీ రెక్కలు తుడుస్తూ చూసేదాన్ని. పొట్టి మనిషి, పొట్ట ఉన్న మనిషి. బల్ల మీదికి వంగితే మాత్రం ఆ పొట్ట ఎటు పోయేదో తెలిసేది కాదు. ఎడమ చేతి వేళ్ళ మీద కర్ర ముందు భాగం ఆనించి, కుడి చేత్తో వెనక భాగం ఊపేవారు. బంతి బంతిని తాకిన చప్పుడు వినే, అది బల్ల అంచు సంచిలో పడుతుందో లేదో చెప్పేవారు. ఆదివారాలు ఆయన బావగారు బొబ్బిలి నుంచి వచ్చేవారు. బస్సు దిగి ముందు బాబు ఇల్లాలైన తన చెల్లెల్ని పలకరించాలని కూడా తోచేది కాదు ఆయనకి. నేరుగా మేడ ఎక్కేవారు. ఇద్దరూ ఆడుకుంటూ చిన్నపిల్లల్లా ఒకరినొకరు దెప్పుకునేవారు. నేను టీ పట్టుకెళ్తే, ఎవరి బంతి ఎక్కడుందో సాక్ష్యం నన్ను అడిగేవారు. నేను ఎవరి పక్షమూ పట్టేదాన్ని కాదు. అందుకే బాబుకి నా మాట మీద గురి.

ఒక వేసవిలో బాబుకి పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది, మాట నిలిచింది. నడక కూడా చేతికర్ర సాయంతో వచ్చింది. కుడి చెయ్యి మాత్రం వచ్చీరానట్టు వచ్చింది. అన్నం కలుపుకోగలిగారు. గుడ్డ చింపగలిగారు. బల్ల మీదికి వంగితే మాత్రం ఆ చెయ్యి వినేది కాదు. కర్ర పక్కకి జారేది, బంతి ఎటో పోయేది. ఆయన చేతిని ఏమీ అనేవారు కాదు. కర్రని తిట్టేవారు. ఇది దుంగ అనేవారు, మర్నాడు ఇదే ఈనెపుల్ల అనేవారు. చూడలేక బావగారు కలకత్తా నుంచి బరువులు మార్చుకునే కర్ర ఒకటి తెప్పించారు. దానితో పాటు చిన్న రేకు డబ్బా, అందులో వేలెడంత పొడవున్న ఇనప బోల్టులు, కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. కర్ర వెనక రబ్బరు బిరడా తీసి, బోల్టుని లోపలికి తిప్పి బిగించాలి. బోల్టు వెనక చివర పడుతుంది కాబట్టి కర్ర బరువెక్కడమే కాదు, అది తూగే చోటు కూడా వెనక్కి జరుగుతుంది. కావడి మోసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వెనక కుండలో చెంబెడు నీళ్ళు ఎక్కువైతే బద్దని ముందుకి జరుపుకుంటాం.

ఆ కర్ర వచ్చాక బాబు ఒక పద్ధతి పెట్టారు. పొద్దున్నే బల్ల దువ్వడం అయ్యాక ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. నేను నాకు తోచిన బోల్టు వెయ్యాలి, లేదా తీసెయ్యాలి, లేదా నిన్నటిదే ఉంచాలి. ఏం చేశానో చెప్పకూడదు. ఆయన కర్ర పట్టుకుని, నాలుగు బంతులు కొట్టి, బరువు పెరిగిందో తగ్గిందో చెప్పేవారు. ఆ తరవాత నేను నిజం చెప్పాలి. "ఒట్టే, అబద్ధం ఆడకు. నువ్వు అబద్ధం ఆడితే నా సేతికి దారి తెల్దు" అన్నారు. మొదట్లో ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. పొట్టి బోల్టు తీసి అంతకన్నా కాస్త పెద్దది వేసినా పట్టేసేవారు. చెయ్యి ఆడలేకపోయినా దానికి తూకం గుర్తుంది. ఏదో ఒక పొద్దున సరైన బరువు పడుతుందనీ, పాత చెయ్యి తిరిగి వస్తుందనీ ఆయన నమ్మకం. నాకూ నమ్మకమే. ఇంటి దగ్గర అంట్లు తోముతూ రేపు ఏ బోల్టు వెయ్యాలా అని ఆలోచించేదాన్ని.

వానలు పట్టాక ఆయన తప్పడం మొదలుపెట్టారు. బరువు పెంచితే తగ్గిందనేవారు. తీసేస్తే ఏమీ మార్చలేదనేవారు. నేను నిజం చెప్తే తల ఊపి, చలికి వేళ్ళు బిగుసుకున్నాయనేవారు. బావగారికి ఈ సంగతి తెలిసింది. ఒక ఆదివారం నేను మెట్లు తుడుస్తుంటే దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఆయన ఏం చెప్తే అదే నిజమనమన్నారు. ఆ ముసలాయనకి మిగిలింది ఆ మేడగది ఒక్కటే, దాన్ని తియ్యొద్దన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నేను గుడ్డ పిండుకుని తరవాతి మెట్టుకి దిగాను.

ఆ మర్నాడు పొద్దున నేను కర్ర ముట్టుకోలేదు. ముందు రోజు బావగారి ఎదుట బాబు ఆ కర్రనే పట్టుకుని, ఇది పాడె కట్టడానికి తప్ప పనికిరాదని గోడకి విసిరికొట్టారు. దుమ్ము తుడిచి అదే చేతికిచ్చాను. ఆయన వంగారు. కొట్టారు. బంతి తిన్నగా వెళ్ళి మూల సంచిలో పడింది. ఆ చప్పుడు ఎన్నాళ్ళకో విన్నాను. ఆయన ఇటు తిరిగారు. మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"ఇదే బరువు. సరిగ్గా కుదిరింది. ఏటి మార్చినావే?"

బావగారి తడి కళ్ళు గుర్తొచ్చాయి. ఒట్టు కూడా గుర్తొచ్చింది.

"నానేటీ మార్చనేదు బాబూ. నిన్నటి బరువే."

ఆయన కర్రని చూశారు. తిప్పి రబ్బరు బిరడా చూశారు. తరవాత నా వైపు చూడకుండా అడిగారు. "నాకు తూకం తెల్డం నేదు కదా. ఎప్పుడికాడ్నుంచి?"

"వానలు పట్టినకాడ్నుంచి."

కిటికీలోంచి కింద బజారు చూశారు. పని మాన్పించేస్తారనుకున్నాను. చివరికి ఆయన నవ్వారు. "అయితే నిన్న గోడకి కొట్టిందీ దీన్నే, ఈయాల ముద్దెట్టుకోబోయిందీ దీన్నే. బోల్టులన్నీ తీసెయ్యే. దాన్ని దాని మానాన ఉండనీ" అన్నారు. నేను ఒక్కొక్కటే విప్పి డబ్బాలో వేశాను.

తరవాతి ఆదివారం బావగారితో మళ్ళీ ఆట పెట్టారు. ఎక్కువ బంతులు తప్పాయి. తప్పిన ప్రతిసారీ బావగారు నొచ్చుకుంటూ కర్ర వైపు చూస్తుంటే, బాబు ఊరుకోలేదు. "కర్ర కాసి ఏటి సూస్తావురా బావా? తప్పింది నాను. మళ్ళీ కొడతాను, సూడు." ఆ మాటలో దిగులు లేదు. పోయిన వస్తువు ఎక్కడ పోయిందో తెలిసిన మనిషి నెమ్మది ఉంది. ఆ రోజే ఆట అయ్యాక కర్ర నా చేతికిచ్చి, ఒక్క వేలి మీద తూచమన్నారు. ముందుకీ వెనక్కీ జరిపాను. ఒకచోట అది నా వేలి మీద పడుకున్నట్టు ఆగింది. "అది దాని సోటు. ఇంక నీ సోటు నువ్వు సూసుకో" అని బల్ల వైపు తోశారు. నేను కొట్టిన మొదటి బంతి ఎగిరి బావగారి టీ గ్లాసులో పడినంత పని చేసింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు. రెండోది సరిగ్గా కొట్టాను.

బాబు పోయాక మేడగది కొట్టుకి గోడౌను అయింది. బల్ల ఎటు వెళ్ళిందో నాకు తెలియదు. ఆ కర్ర ఎవరికీ అక్కర్లేకపోతే నేను అడిగి తెచ్చుకున్నాను. నరసన్నపేట వచ్చాక దాన్ని ఊరికే ఉంచలేదు. పనికొచ్చే కర్రని మూల నిలబెట్టుకునే ఇల్లు కాదు మాది. ఎత్తుగా ఉన్న దండెం మీద తడి బట్టలు వెయ్యడానికి దాన్నే వాడుతున్నాను. మా ఇంట్లో అన్నం మాడితే పొయ్యి మీద, పాలు పొంగితే గిన్నె మీద నేరం వెయ్యడం ఎవరికీ చెల్లదు. కోడలు నన్ను రాయి అనుకుంటుంది. అనుకోనీ.

శ్రావణిని దండెం దగ్గరికి తీసుకెళ్ళి ఆ కర్ర చేతికిచ్చాను. అది పూల్ ఆడే కర్రేనని పోల్చుకుని నోరు తెరిచింది. కళ్ళు మూసుకోమని, వెనక చివర నా తాళాల గుత్తి గట్టిగా కట్టాను. తూచి చెప్పమన్నాను. బరువెక్కింది, వెనక్కి లాగుతోంది అంది. విప్పేశాను. తేలికైంది అంది. బరువు తేడా చేస్తుంది, చెయ్యకేం. ముందు ఆ తేడా తెలిసే చెయ్యి ఉండాలి, ఆ చెయ్యి ఉన్నంతకాలం దాన్ని వాడుకోవాలి అని చెప్పాను. వాళ్ళ నాన్నతో మాట్లాడతానని మాత్రం అనలేదు. ముందు దీనితో ఆడి చూడమన్నాను. బట్టలెయ్యడానికి వెదురు ముక్క చాలు నాకు.

ఆదివారం సాయంత్రం శ్రావణి ఆ కర్ర భుజాన వేసుకుని ఎచ్చెర్ల బస్సు ఎక్కింది. సోమవారం పొద్దున బట్టలు ఆరెయ్యడానికి వెదురు కర్ర అందుకున్నాను. తెలియకుండానే వేలి మీద పెట్టి జరుపుతున్నాను. ఒకచోట ఆగింది. నేనూ ఆగాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్న మనిషి ఇటు తిరిగి, ఏటి మార్చినావే అని అడుగుతారేమోనని. నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఏటీ మార్చనేదు బాబూ.