పాలిష్ గల్లీ మేనత్త

మా మేనత్త పోయింది. మంగళవారం పొద్దున, యాలాల్ బడిలో పిల్లలు ప్రార్థనకు వరుసలు కడుతుండగా వికారాబాద్ నుంచి వదిన ఫోన్ చేసింది. వదిన అంటే అత్త కూతురు. "అమ్మ లేస్తలేదు" అంది. పిలిస్తే లేవడం లేదని చెప్పడానికి నాకెందుకు ఫోన్ చేసిందో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక హాజరు పట్టీ పక్క టీచరు చేతికిచ్చి బస్సెక్కాను.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుండేంత మనిషి కాదు. పొట్టిగా ఉండేది. నోట్లో ఎప్పుడూ వక్కపలుకు, ఎండాకాలంలో కూడా భుజం మీద ఒక గొంగడి ముక్క. తాండూరులో మేమంతా ఉన్న గల్లీని కూడా ఇప్పుడెవరూ చూడలేరు. బండలు పాలిష్ చేసే మిషన్లు ఊరి బయటికి వెళ్లిపోయాయి. ఇండ్లను రోడ్డు తీసుకుంది. మా వంటిల్లు ఉన్నచోట ఇప్పుడు రోడ్డు మధ్య సిమెంటు దిమ్మెలు, వాటి మీద దుమ్ము పట్టిన నాలుగు పూలమొక్కలు ఉన్నాయి.

మా తాతది బంట్వారం వైపు. గొర్రెలు కాసేవాడు. వరసగా కరువులు వస్తే మందను అమ్మేసి, పిల్లలను తీసుకుని తాండూరులో బండల పనికి వచ్చాడు. మా గల్లీలో అందరిదీ ఇంచుమించు అదే కథ. గోడలు బండలు, పైకప్పు బండలు, కూర్చునే అరుగు కూడా మిషన్ దగ్గర పనికిరాదని పారేసిన బండే. సాయంత్రం మగవాళ్లు పని నుంచి వస్తుంటే తల, మీసం, కనురెప్పలు అన్నీ తెల్లగా బండపొడి. చిన్నప్పుడు నేను ఎవరి నాన్ననో మా నాన్న అనుకుని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చాను. ఆయన పాపం వచ్చి కూర్చున్నాడు కూడా. అమ్మ మంచినీళ్లిచ్చి పంపింది.

అత్త మాత్రం ఒక్కరి విషయంలో కూడా పొరపాటు పడేది కాదు. మామ పోయాక వదినను ఎత్తుకుని మా పక్క గదిలోకి వచ్చింది. పగలు మిషన్ దగ్గర నీళ్లు పట్టే పని. పొద్దుగూకే వేళకు అరుగు మీద కూర్చుని గల్లీలోకి వచ్చేవాళ్లందరినీ చూసేది. ఎవరినీ పలకరించేది కాదు, ఊరికే చూసేది. ఆఖరి మనిషి ఇంట్లోకి వెళ్లాకే లేచి పొయ్యి ముట్టించేది.

"ఏం చూస్తవత్తా రోజూ?" అని ఒకసారి అడిగాను.

"మా నాయిన నేర్పిండు బిడ్డా. మంద దొడ్లకు వచ్చేటప్పుడు లెక్క వెట్టొద్దు, మొఖాలు సూడాలె అనేటోడు. లెక్కల ఇంకోని గొర్రె గలిసినా సరిపోతది. మొఖమైతే సరిపోదు గద."

గొర్రెలు లేవు, దొడ్డి లేదు, చూసే అలవాటు మాత్రం మిగిలింది. అమ్మ నవ్వేది, "మీ అత్తకు మనమంతా గొర్రెలమే" అని.

ఒక వానాకాలం సాయంత్రం ఆ నవ్వు ఆగిపోయింది. అందరూ వచ్చేశారు, తలుపులు వేసుకుంటున్నారు. అత్త అరుగు మీద నుంచి లేవలేదు. "ఒక్క మొఖం తక్కువున్నది" అంది. అందరి ఇండ్లలో అందరూ ఉన్నారు కదా అని నాన్న విసుక్కున్నాడు. గల్లీ చివరి గదిలో కర్ణాటక నుంచి వచ్చిన ఒకాయన ఒక్కడే ఉండేవాడు. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడేవాడు. ఆయన రాకపోతే అడగడానికి ఆయనకంటూ ఇంట్లో ఎవరూ లేరు. అత్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వానలోనే మిషన్ షెడ్డు వైపు నడిచింది. ఆమె వెంట నాన్న, ఇంకో ఇద్దరు పరుగెత్తారు. షెడ్డులో నిలబెట్టిన బండలు జారి ఆయన కాలు వాటి కింద ఉంది. అరిచి అరిచి గొంతు పోయిందట. మనిషి బతికాడు. ఒక కాలు మాత్రం ఈడ్చి నడిచేవాడు. తర్వాత ఎప్పుడు గల్లీలోకి వచ్చినా అత్త అరుగు ముందు ఒక్క క్షణం ఆగి, ఆమె తల ఊపాకే ముందుకు పోయేవాడు.

గల్లీ పోయినప్పుడు అందరూ ఒక్కసారిగా పోలేదు. ఒక్కో కుటుంబం ఒక్కో ఆటోలో వెళ్లింది. అత్త ఆఖరి ఆటో దాకా అక్కడే కూర్చుంది. తర్వాత వికారాబాద్‌లో వదిన దగ్గర చేరింది. మంచి ఇల్లు, రెండో అంతస్తు, బాల్కనీ. బాల్కనీలో నుంచి చూస్తే కింద నెత్తులు తప్ప ముఖాలు కనపడవని గొణిగేది.

అప్పుడు మొదలయ్యాయి ఆదివారం ఫోన్లు. ఆదివారం నేను సరుకులకు తాండూరు వెళ్తానని ఆమెకు తెలుసు. మధ్యాహ్నం నేను ఇల్లు చేరి ఫోన్ చేస్తే ఒకటే ప్రశ్న.

"ఎవలు కనవడ్డరు బిడ్డా?"

మొదట్లో నిజంగానే కనిపించేవాళ్లు. కూరగాయల దగ్గర ఒకరు, పిండి గిర్నీ దగ్గర ఒకరు. ముఖం ఎట్లుంది, చిక్కిందా, పళ్లున్నాయా అని ఆరా తీసేది. రానురాను కనిపించడం మానేశారు. కొందరు పట్నం పోయారు, కొందరు ఎక్కడికీ రాలేని వయసుకు వచ్చారు, కొందరు పోయారు. చివరి గది ఆయన తన ఊళ్లోనే పోయాడని ఎవరో చెప్పగా విన్నాను. ఆ ఆదివారమే అత్త అడిగింది, "గా చివరింటాయన కనవడ్డడా?" అని.

కనిపించాడన్నాను. బస్టాండు దగ్గర మిర్చీలు తింటున్నాడన్నాను. అత్త ఎంత సంతోషపడిందో! ఇంక నేను ఆగలేదు. బడిలో పిల్లలు అబద్ధమాడితే గోడకు నిలబెట్టే పంతులమ్మను, ప్రతి ఆదివారం ఒక మనిషిని తయారుచేసి అత్తకు అప్పగించేదాన్ని. దారిలో బస్సులో కూర్చుని ముందే ఆలోచించుకునేదాన్ని. ఆమె ఒంటరిగా ఉంది, ఆమెకు ఈ మాత్రం తోడు నేనివ్వాలి అనుకున్నాను. కొంచెం గర్వంగా కూడా ఉండేది. నిజం ఆమెకు తెలిస్తే ఎట్లా అని భయం కూడా ఉండేది.

దినాలు అయ్యాక నేను సంచి సర్దుకుంటుంటే ఆ భయం వదిన దగ్గర బయటపెట్టాను. నేను చెప్పినవన్నీ ఉత్తవేనని, అత్త అన్నీ నమ్మే పోయిందని ఏడ్చాను.

వదిన నన్ను వింతగా చూసింది. "నమ్మిందా? ఒక ఆదివారం నువ్వేం చెప్పినవో యాదికుందా? చివరింటాయన ఉరికి ఉరికి బస్సెక్కిండని చెప్పినవు."

కాలు ఈడ్చే మనిషిని నేను పరుగెత్తించాను.

"ఫోన్ పెట్టినంక అమ్మ ఎంత నవ్విందో! పాపం, కాలు మంచిగైందట అన్నది. మరి అడగకపోయినవా అంటె, ఊకో అన్నది. మొగుడు పోయినంక ఆదివారం గా పిల్లకు మాట్లాడనీకి ఎవలున్నరు, ఏదో ఒకటి చెప్పనియ్ అన్నది. ఫోన్ జర ఆలస్యమైతే గూడ బాల్కనీకెళ్లి లోపల్కి వచ్చేది గాదు."

మా ఆయన పోయి నాలుగేళ్లు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఆదివారం నేను నోరు తెరిచి మాట్లాడేది ఆ ఒక్క ఫోన్‌లోనే. అది నేను ఎవరికీ చెప్పలేదు, అత్తకు అసలే చెప్పలేదు. ఆమె అరుగు మీద కూర్చుని చూసినట్టే నన్నూ చూసిందని అప్పుడు తెలిసింది. ఎవరి కోసం ఎవరు ఫోన్ ఎత్తారో తెలుసుకోవడానికి నాకు ఇంత కాలం పట్టింది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, అత్తా అని ఒక్కసారి పిలవాలనిపించింది.

ఆదివారం తాండూరులో దిగి యాలాల్ బస్సు కోసం నిలబడ్డాను. పక్కన కొడంగల్ బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కిటికీలో నుంచి ఎవరో "ఓ పంతులమ్మా!" అని అరిచారు. చూస్తే ఒకప్పుడు గంప నెత్తిన పెట్టుకుని మా గల్లీలో గాజులమ్మిన అవ్వ. ఆమె ఇల్లు గల్లీ మొదట్లోనే ఉండేది. పండు ముసలిది అయిపోయింది. బతికే ఉంది. ఎన్నో ఆదివారాల తర్వాత నిజంగా ఒక ముఖం కనిపించింది.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. నా చెయ్యి పట్టుకుని, "మీ అత్త మంచిగున్నదా?" అంది.

అత్త పోయిందన్నది పన్నెండు రోజులుగా అందరికీ చెప్పిన మాటే. అలవాటైన మాటే.

"మంచిగున్నదవ్వా" అన్నాను.

"నన్ను యాది చేస్తదా?"

"ప్రతి ఆదివారం."

ఆమె ముఖం విప్పారింది. కండక్టర్ విజిల్ వేశాడు, బస్సు కదిలింది. అవ్వ నా చెయ్యి వదలకుండానే కిటికీలో నుంచి వంగి, "నేను కనవడ్డనని చెప్పు బిడ్డా! కండ్లద్దాలు వచ్చినయి గని మనిషిని గట్టిగనే ఉన్ననని చెప్పు!" అంది.

"చెప్తనవ్వా" అన్నాను, బస్సు పక్కన నాలుగడుగులు నడుస్తూ.