రమ్మంటే వెళ్లకండి

పై దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చిన పన్నెండుమందికి ఇక్కడి మర్యాదలు నేర్పడం పంతులమ్మగారి ఉద్యోగం. ముక్కు మీంచి జారే కళ్లద్దాలను చూపుడువేలితో పైకి నెట్టి, ఏటా మొదటి పాఠం ఇదే చెబుతారు: "మావాళ్లు 'ఎప్పుడైనా ఇంటికి రండి' అంటారు. నమ్మి వెళ్లిపోకండి. ఫలానా రోజు, ఫలానా టైము అంటేనే పిలిచినట్టు." ఈమధ్య ఇంట్లో పలకరించే దిక్కులేక ఆవిడ రేడియోలో వార్తలకే జవాబులు చెబుతున్నారు. అందుకే శుక్రవారం క్లాసు చివర గొంతు సవరించుకుని, "ఎప్పుడైనా మా ఇంటికి రండమ్మా," అన్నారు. ఆదివారం పన్నెండు కప్పులు కడిగి బల్లమీద బోర్లించారు. తలుపు చప్పుడైతే రెండుసార్లు లేచి వెళ్లారు. రెండుసార్లూ గాలే. సోమవారం ఒకమ్మాయి ముసిముసిగా నవ్వింది: "మమ్మల్ని పరీక్షించారు కదా మేడమ్! ఒక్కళ్లం కూడా రాలేదు చూశారా!" పంతులమ్మగారు కళ్లద్దాలు పైకి నెట్టుకుని, అందరికీ నూటికి నూరు మార్కులు వేశారు.